ఖైరియత్: ఒంటి సంగతులు, ఇంటి సంగతులు



"చాలా రోజులుగా ఏమీ రాయడం లేదు, తబియత్ బాగానే ఉందా?" అని కొందరు ఫోను చేసి అడిగారు. అందరికీ ఒకేసారి జవాబు చెబుదామని ఇది రాస్తున్నాను. నిజానికి నేను చెబుతున్నాను, ఫోను రాసిపెడుతోంది. అలా ఎందుకైందో చెప్పాలంటే ముందు కళ్ల సంగతి చెప్పాలి.

నాకు షుగరు వచ్చి 19 ఏళ్లు. మా అమ్మ దీన్ని "షక్కర్ కీ బీమారీ" అనేది. ఏటా ఒకసారి కళ్లు చూపించుకోవడం నాకు అలవాటు. పోయినేడు కూడా అలాగే ఎల్బీనగర్‌లో ఒక కంటి దవాఖానాకు వెళ్లాను. గోడ మీది అక్షరాలు చివరి వరుస దాకా చదివేశాను. ఐనక్ నంబరు కూడా మారలేదన్నారు. కానీ చుక్కల మందు వేసి లోపల చూసిన డాక్టరమ్మ "రెటీనాలో రక్తనాళాలు కారుతున్నాయండీ, కుడి కంట్లో వాపు కూడా మొదలైంది" అన్నారు. చక్కెర ఎక్కువైన రక్తం ఏళ్ల తరబడి పారితే కంటి వెనక సన్నని నాళాలు దెబ్బతింటాయట. మొదట్లో నొప్పి ఉండదు, చూపూ తగ్గదు. చూపు తగ్గిందని మనకు తెలిసేసరికి లోపల చాలా జరిగిపోయి ఉంటుంది. అందుకే షుగరు ఉన్నవాళ్లు కళ్లు బాగా కనిపిస్తున్నా ఏటా రెటీనా పరీక్ష చేయించుకోవాలంటారు. ఈ వ్యాసంలో మిగతాది మరిచిపోయినా ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి.

ఎడమ కంటికి లేజర్ చేశారు. కుడి కంటికి నెలకొకటి చొప్పున మూడు ఇంజెక్షన్లు ఇచ్చారు. కంట్లో సూది అనగానే మా బేగం తస్బీ తిప్పుతూ కూర్చుంది. తిమ్మిరెక్కించే చుక్కలు వేస్తారు కాబట్టి నొప్పి కంటే భయమే ఎక్కువ. రెండో ఇంజెక్షన్‌కి ముందు ద్వారబంధం నిలువు గీత నాకు మధ్యలో వంగినట్టు కనపడేది. అదే గీత ఇప్పుడు దాదాపు తిన్నగా కనపడుతోంది. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8.6 నుంచి 7.2కి దిగింది. పుస్తకం పట్టుకుంటే పావుగంటకు మించి చదవలేను, కంప్యూటర్ తెర అంతకన్నా తక్కువ. ఉన్న చూపును ఉన్నట్టు కాపాడుకోవడమే ఇప్పటి ఇలాజ్.

డాక్టరమ్మ చీటీ మీద మందుల కంటే పరహేజు ఎక్కువ. పరహేజ్ ఫార్సీ మాట, ఉర్దూ దారిలో మా ఇళ్లల్లోకి వచ్చింది. తెలుగులో పథ్యం అంటాం గానీ పథ్యం తిండికే చెల్లుతుంది. పరహేజు తిండికీ, పనికీ, మాటకీ, చూపుకీ కూడా ఉంటుంది. ఏది మానుకోవాలో మనమే ఎంచుకుని మానుకోవడం అది.

పెద్ద పరహేజు రోజా విషయంలో వచ్చింది. పన్నెండో ఏట నుంచి రంజాన్ రోజాలు ఉంటున్నవాణ్ణి. ఇప్పుడు రెండు పూటలా ఇన్సులిన్. సహర్ నుంచి ఇఫ్తార్ దాకా పదమూడు గంటల పైన ఖాళీ కడుపుతో ఉంటే షుగరు హఠాత్తుగా పడిపోవచ్చు, మీరు ఉండటానికి వీల్లేదు అన్నారు డాక్టరమ్మ. ఖురాన్ రెండో సూరా 184, 185 ఆయతుల్లో రోగులకూ ప్రయాణికులకూ వెసులుబాటు ఉంది. ఎన్నటికీ ఉండలేని వాళ్లు ఒక్కో రోజాకు ఒక పేదవాడి భోజనం ఫిద్యాగా ఇవ్వాలి. ఈ మసలా నేనే పదిమందికి చెప్పినవాణ్ణి. నా వంతు వచ్చేసరికి మొదటి వారం మధ్యాహ్నం అన్నం ముద్ద గొంతు దిగలేదు. మా బేగం రోజాతో ఉండి కూడా నాకు పన్నెండున్నరకు వేడిగా వడ్డించేది. "దేవుడు మినహాయించినదాన్ని మీరెందుకు పట్టుకు వేలాడతారు?" అంది. మా వీధి చివర చెప్పులు కుట్టే పెద్దాయనకు ముప్ఫై రోజులూ భోజనం పంపాం. హలీం మాత్రం పూర్తిగా మానలేదు. అర కప్పుకు డాక్టరమ్మ ఇజాజత్ ఇచ్చారు.

ఇక ఇంటి సంగతి. 2003లో దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక సందులో మూడో అంతస్తులో ఫ్లాటు కొన్నాం. 2011లో రిటైరైనప్పుడు గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బుతో అప్పు తీర్చేశాం. ఆ ఇంటికి లిఫ్టు లేదు. యాభై ఏళ్ల వయసులో అది లోపంగా అనిపించలేదు. ఇప్పుడు మా బేగం మోకాళ్లు పట్టేశాయి. నాకేమో ఎండలోంచి చీకటి మెట్ల మీదికి వస్తే రెండు నిమిషాలు అంచులు కనపడవు. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చినప్పటినుంచి మాకిదో వింత. దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్‌లో లిఫ్టు ఉంది, ఎస్కలేటరు ఉంది. దేశం తిరిగి రావడం సులువు, ఇంట్లోకి పోవడమే కష్టం.

మా అమ్మాయి ఎల్బీనగర్‌లో ఉంటుంది. చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటితే మూడో స్టేషనే. "దగ్గరికి వచ్చేయండి అబ్బా, కింది అంతస్తులో ఇల్లు చూద్దాం" అని రెండేళ్లుగా పోరుతోంది. నాకూ మనసు ఉంది గానీ కింది అంతస్తు అంటే మరో భయం. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు సరూర్‌నగర్ చెరువు చుట్టుపక్కల కోదండరాంనగర్ లాంటి కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లు చేరిన సంగతి ఈ ప్రాంతం వాళ్లెవరూ మరిచిపోలేదు. మెట్లంటే మోకాళ్లకు కష్టం, నేలంటే నీళ్లు. అందుకని ఇల్లు చూడ్డానికి వెళ్లిన ప్రతిచోటా కిరాయి కంటే ముందు 2020లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయని అడిగేవాణ్ణి. కొందరు ఓనర్లు ముఖం చిట్లించారు. కొందరు గోడ మీది మరక చూపించారు.

నీళ్ల సంగతి అడగక ముందే తేలిపోయిన ఇళ్లూ ఉన్నాయి. నాలుగు చోట్ల ఇల్లు చూపించి, అడ్వాన్సు మాట్లాడి, పేరు అడిగి, పేరు చెప్పగానే "మా బంధువులు వస్తామన్నారండీ" అన్నారు. ఒక చోట గేటు మీదే "ఓన్లీ వెజిటేరియన్స్" అని బోర్డు ఉంది. అక్కడ కనీసం ఆటో ఖర్చు మిగిలింది. ముప్ఫై నాలుగేళ్లు సర్కారీ నౌకరీ చేసి, ఆఫీసులో తెలుగులో నోట్‌ఫైళ్లు రాసి, డెబ్భై మూడో ఏట గేటు బయట నిలబడి పేరు చెప్పడానికి ఒక్క క్షణం తటపటాయించాల్సి రావడం నన్ను బాధపెట్టింది. కళ్లు పాడయ్యాయన్న రోజున కూడా అంత బాధపడలేదు. మా అల్లుడు "ముందే ఫోన్లో పేరు చెబుదాం మామూ, తిరుగుడు తప్పుతుంది" అన్నాడు. అలాగే చేశాం. దాంతో లిస్టు సగానికి తగ్గింది, మనసు మాత్రం కుదుటపడింది.

ఆఖరికి దొరికిన ఇంటి యజమాని 87 ఏళ్ల రిటైర్డ్ మాస్టారు. 1948కి ముందు నిజాం రాజ్యంలో ఉర్దూలోనే అక్షరాలు దిద్దిన తరం. "ఆప్ కా ఇస్మె షరీఫ్?" అని అడిగారు. నా పేరు చెప్పాను. "బైఠియే" అని కుర్చీ జరిపి, అప్పుడు తెలుగులో కిరాయి మాట్లాడారు. అగ్రిమెంటును ఆయన కిరాయినామా అంటారు. ఇల్లు రోడ్డుకు నాలుగు మెట్ల ఎత్తులో ఉంది. 2020లో నీళ్లు రెండో మెట్టు దాకా వచ్చాయని ఆయనే వేలితో చూపించారు. ఆ నిజాయితీకే నేను సగం ఒప్పేసుకున్నాను. దిల్‌సుఖ్‌నగర్ ఫ్లాటు అమ్మలేదు. పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలకు కిరాయికి ఇచ్చాం. వాళ్లకు మూడో అంతస్తు లెక్కే కాదు. వచ్చే కిరాయికీ ఇచ్చే కిరాయికీ మధ్య తేడా ఉంది గానీ, 2011లో కమ్యూట్ చేసిన 40 శాతం పింఛను పదిహేనేళ్లు నిండి ఈ ఏడాది తిరిగి కలిసింది. హిసాబు సరిపోయింది.

సామాను సర్దేటప్పుడు నాలుగు బీరువాల పుస్తకాలు రెండు చేశాను. ఏవి ఇచ్చేయాలి? చిన్న అక్షరాలవి ముందు వెళ్లాయి. వాటిని నేనింక చదవలేను. ఒక లైబ్రరీ వాళ్లు ఆటో తెచ్చి పట్టుకెళ్లారు. నిఘంటువులు మాత్రం ఇవ్వలేదు. ఇరవై ఏళ్లుగా తెలుగులో కలిసిపోయిన ఉర్దూ, ఫార్సీ, అరబీ మాటలు రాసుకున్న పదకొండు నోటు పుస్తకాలు మా బేగం బియ్యం డబ్బాలతో పాటు తన చేతుల్లో తెచ్చింది. సి.పి. బ్రౌన్ 1854లోనే ఇలాంటి మాటలకు మిశ్రభాషా నిఘంటువు వేశాడు. నాది ఆయన పనికి చిన్న తోక. మా ఇళ్లల్లో, కచేరీల్లో, బజార్లలో విన్నవి, అందులో దొరకనివి చేర్చుకుంటూ వచ్చాను.

ఆ పని ఇప్పుడు కొత్త పద్ధతిలో సాగుతోంది. గూగుల్ 2017 ఆగస్టులో మాటను అక్షరంగా మార్చే సదుపాయాన్ని తెలుగుకూ ఉర్దూకూ ఒకేసారి ఇచ్చింది. ఫోను ముందు పెట్టుకుని మాట్లాడతాను. తెలుగు బాగానే రాస్తుంది. మధ్యలో మా ఇంటి మాట పడితేనే తికమక. "ఖైరియత్" అంటే నాలుగుసార్లు నాలుగు రకాలుగా రాసింది. తప్పులు దిద్దేది మా అమ్మాయి కూతురు, తొమ్మిదో తరగతి. తెలంగాణలో 2018 చట్టంతో బడుల్లో తెలుగు తప్పనిసరి అయింది కాబట్టి ఆ పిల్లకు తెలుగు చదవడం వచ్చు. రోజూ సాయంత్రం వచ్చి నోటు పుస్తకం పైకి చదువుతుంది, నేను అర్థాలు చెబుతాను. తను నన్ను "నానా" అని పిలుస్తుంది. ఉర్దూలో అమ్మ నాన్నను అలాగే అంటారు. పక్కింటావిడ మొదటి వారం "మీకింత చిన్న కూతురా?" అని మా బేగంను అడిగేసిందట.

ఇప్పుడు "జ" దగ్గర ఉన్నాం. ఇక్కడ ఆలస్యమవుతోంది. ఉర్దూలో "జ్" ధ్వనికి నాలుగు అక్షరాలు ఉన్నాయి. జరా అనే మాటలో జాల్, జమీనులో జే, జిల్లాలో జ్వాద్, జులుంలో జోయ్. తెలుగు నాలుగింటినీ ఒకే "జ"లో కలిపేసుకుంది. "అయితే ఏది ఏదో ఎలా తెలుస్తుంది నానా?" అని అడిగింది మనవరాలు. పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద నాలుగూ రాసి ఇచ్చాను. కలం పట్టుకుని రాసి ఆరు నెలలైంది, గీతలు కాస్త వంకర పోయాయి. తను దాన్ని తన తెలుగు వాచకంలో పెట్టుకుంది.

దిల్‌సుఖ్‌నగర్‌తో బంధం తెగలేదు. జుమా నమాజుకు పాత మసీదుకే మెట్రోలో వెళుతున్నాను. దారిలో కొత్తపేట దగ్గర గడ్డి అన్నారం పండ్ల మార్కెట్టు ఉండేది. బత్తాయి, మామిడి లారీల వాసన రోడ్డు దాకా వచ్చేది. 2021లో మార్కెట్టును బాటసింగారం వైపు పంపించారు. 2022 ఏప్రిల్‌లో ఆ స్థలంలో టిమ్స్ ఆసుపత్రికి శంకుస్థాపన చేశారు. నాకు పండ్లు తినగూడని వయసు వచ్చేసరికి పండ్ల మార్కెట్టు పోయి దవాఖానా వస్తోంది.

ఇదీ ఖైరియత్. వచ్చే నెల మళ్లీ కంటి స్కానింగు ఉంది. వాపు తిరగబెడితే ఇంకో ఇంజెక్షన్ పడుతుందన్నారు, లేకపోతే ఆరు నెలల దాకా సెలవు. ఈలోగా "జ" పూర్తి చేయాలని మనవరాలితో ఖరారు కుదిరింది.