తలుపు తనే మూసుకునే ప్రోగ్రామ్

సెరెనిటీ ఓఎస్‌లో రిక్వెస్ట్ సర్వర్ అని ఒక సర్వీస్ ఉంది. బ్రౌజర్ తరఫున నెట్‌లోకి వెళ్లి పేజీ తెచ్చిపెట్టేది అదే. దాని మెయిన్ ఫంక్షన్ చదివితే నాకు భలే ముచ్చటేసింది. మొదలవ్వగానే ప్లెడ్జ్ కాల్: "నాకు ఈ పనులు చాలు, మిగతావి వద్దు" అని కెర్నల్‌కి మాటిస్తుంది. తప్పితే కెర్నల్ అక్కడికక్కడే చంపేస్తుంది. తర్వాత అన్‌వీల్‌తో సర్టిఫికెట్ల ఫైల్ లాంటి కొన్ని దారులు మాత్రం ఉంచుకుని, చివర్లో రెండు నల్‌లు పంపి తలుపేసుకుంటుంది. ఇక తనే అడిగినా తెరుచుకోదు. (రెండు ఐడియాలూ ఓపెన్‌బీఎస్‌డీవే.)

బయటి సరుకు ముట్టుకునేది కదా, ఎవడైనా దాన్ని లొంగదీసుకున్నా మన ఫైళ్లు వాడికి కనపడవు.

మా పెదనాన్న ఫోన్‌కి మాత్రం పెళ్లి శుభలేఖ పేరుతో ఒక ఏపీకే వచ్చింది. ఎస్సెమ్మెస్‌లు చదవనివ్వమని అడిగింది, ఇంగ్లీషులో. ఆయన అలౌ నొక్కారు. ఓటీపీలు ఎవడికో చేరాయి, ధాన్యం అమ్మిన డబ్బులు పోయాయి.

"శుభలేఖకి నా మెసేజ్‌లతో ఏం పనిరా?" అని ఆయన ఇప్పటికీ నన్నే అడుగుతారు.