మూడు జపాన్ చిత్రాలు, కాసిని నీళ్ళు

చెన్నైలో ఒక చిత్రోత్సవంలో మూడు పాత జపాన్ చిత్రాలను వరుసగా చూడడం తటస్థించింది. మిజొగుచి ‘ఉగెత్సు’ (1953), ఓజు ‘టోక్యో స్టోరీ’ (1953), కనెతో షిందో ‘ది నేకెడ్ ఐలాండ్’ (1960). మూడింటిలోనూ నీరుంది. నెల్లూరు తీరంలో పుట్టి పెరిగినవాణ్ణి కనుక నా చూపు ముందు అటే పోయింది.

‘ఉగెత్సు’లో బివా సరస్సు మీద పొగమంచులో పడవ సాగే ఘట్టం సుప్రసిద్ధం. మంచుపట్టిన వేకువన మా పులికాట్ కూడా ఇలాగే కనిపిస్తుంది. (2022లో ఆంధ్ర వైపు సరస్సు తిరుపతి జిల్లాకు పోయింది గాని, మాకది నెల్లూరు సరస్సే.) ఆ మంచులోంచి వచ్చే పడవలో దయ్యముందేమోనని పాత్రలు జడుసుకుంటాయి. తీరా చూస్తే దొంగల చేత దెబ్బలు తిని ప్రాణాలు విడుస్తున్న మనిషి. దయ్యాల కథలో సైతం మిజొగుచి మనల్ని భయపెట్టేది యుద్ధకాలపు మనుషులతోనే.

‘టోక్యో స్టోరీ’లోని వృద్ధ దంపతులది ఒనొమిచి అనే రేవు పట్టణం. బిడ్డలను చూడబోయి, వాళ్ళ తీరికలేనితనాన్ని చూసి తిరిగివస్తారు. తల్లి అంత్యక్రియల నాటి భోజనం దగ్గరే పెద్దకూతురు ఆమె బట్టల్లో తనకేవి కావాలో చెబుతుంది. అయినా ఓజు ఆమెను దుష్టురాలిగా నిలబెట్టడు. అటువంటి కూతుళ్ళూ కొడుకులూ మన ఇళ్ళలోనూ ఉన్నారు గనుక ఆ సంయమనం మరీ గుచ్చుకుంటుంది.

నాకు పేచీ వచ్చింది మూడవదానితో. నీటిచుక్క లేని చిన్న దీవి మీద ఒక జంట, ఇద్దరు కొడుకులు. పడవలో నీళ్ళు తెచ్చి, కావడితో కొండెక్కించి, మొక్కకింత పోస్తారు. సంభాషణ దాదాపు లేదు. 1961లో మాస్కోలో అత్యున్నత బహుమతి పొందిన చిత్రమిది. ఒకసారి భార్య కాలు జారి నీళ్ళు ఒలకబోస్తుంది. భర్త చెంప ఛెళ్ళుమనిపిస్తాడు. ఆమె మారు మాట్లాడదు.

ఈ మౌనాన్ని శ్రమజీవుల గాంభీర్యంగా మెచ్చుకోవడం నాకు మింగుడుపడలేదు. మా తీరంలో సముద్రానికి కూతవేటు దూరాన ఇసుకలో చెలమ తవ్వితే మంచినీరు ఊరుతుంది. మరికాస్త లోతుకు పోతే ఉప్పు తగులుతుంది. మా అవ్వ ఆ చెలమ నీళ్ళు మోసిన మనిషి. మౌనంగా మోయలేదు. దారి పొడుగునా వానదేవుణ్ణి, ఊరి పెద్దలను, మా తాతను వరసపెట్టి తిట్టేది. ఆ తిట్లు ఆమె గౌరవాన్ని తగ్గించలేదు సరికదా, కాపాడాయి. బీదలకు మాట లేకుండా చేసింది షిందో, బీదరికం కాదు.

అయితే ఒక్క ఘట్టం వద్ద నా వాదన తడబడుతుంది. వైద్యుడు వచ్చేలోపే పెద్దకొడుకు చనిపోతాడు. తరువాత ఒకనాడు తల్లి ఉన్నట్టుండి బకెట్టు కుమ్మరించి, మొక్కలు పీకి, నేలమీద పడి ఏడుస్తుంది. ఈసారి భర్త చేయెత్తడు, చూస్తూ నిలబడతాడు. ఆమె లేచి మళ్ళీ నీళ్ళు పోస్తుంది. నాటి చెంపదెబ్బకు జవాబు ఇదే. కాని ఒలకబోసే హక్కు ఆమెకు దక్కడానికి ఒక బిడ్డ పోవలసివచ్చింది. అది గొప్ప దృశ్యమని ఒప్పుకుంటాను. గాంభీర్యమని మాత్రం అనలేను.