అటక దిగిన గిటారు

వస్తువులకు వార్ధక్యం వయస్సు వల్ల కంటె ఉపేక్ష వల్లనే త్వరగా సంక్రమిస్తుంది. నిత్యం వాడే రోలు మూడు తరాలు నిలుస్తుంది. పెట్టెలో దాచిన పట్టుచీర మడతల వెంబడి చిరిగిపోతుంది. వాద్యాల విషయంలో ఇది మరింత సత్యం. మేము ముగ్గురం - ఒకరు ఈ కళాశాలలో తెలుగు చెప్పేవారు, ఒకరు ఉర్దూ చెప్పేవారు, మూడవవారు భౌతికశాస్త్ర ప్రయోగశాలను కనిపెట్టి ఉండేవారు - గత వేసవి సెలవులలో ఒక పాత హవాయి గిటారును బాగుచేయడానికి పూనుకొన్నాము. ఆ పనిలో మేము నేర్చుకొన్నదానిని విద్యార్థుల ముందు ఉంచాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము. ఇందులో మా ఘనత ఏమీ లేదు. నిజానికి ఇది మా తప్పిదం కథ.

ఆ గిటారు మా ఉస్తాదు గారిది. ఆయన తపాలా కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి పొందినవారు. కర్నూలు పాతబస్తీలో తుంగభద్ర ఒడ్డుకు పోయే సందులో వారి ఇల్లు. సాయంకాలం కాగానే చాప పరచుకొని, గిటారును ఒడిలో వెల్లకిల పెట్టుకొని, ఎడమచేత నున్నని ఉక్కు కడ్డీ పట్టి, కుడిచేతి వ్రేళ్ళకు లోహపు గోళ్ళు తొడుక్కొని వాయించేవారు. ఈద్ నాడు గజళ్ళు, శ్రీరామనవమి పందిట్లో కీర్తనలు, పెళ్ళిళ్ళలో సినిమా పాటలు - అన్నీ ఆ ఆరు తంత్రుల మీదనే. మేము ముగ్గురమూ పదేళ్ళ ప్రాయంలో ఆ చాప మీద కూర్చొని నేర్చుకొన్నవాళ్ళమే. ఆయన మా వద్ద పైసా పుచ్చుకోలేదు. "పాఠానికి ఆలస్యంగా రావద్దు నాయనా, అదే నా ఫీజు" అనేవారు.

హవాయి గిటారు అంటే నేటి విద్యార్థులలో చాలమందికి తెలియకపోవచ్చును. పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి ద్వీపాలు దాని పుట్టినిల్లు. మామూలు గిటారులో వ్రేళ్ళతో తంత్రులను మెట్ల మీద అదిమి స్వరాలు పలికిస్తారు. ఇందులో అదమడం లేదు. తంత్రులను ముందుగానే ఒక స్వరమేళనానికి శ్రుతి చేసి, వాటిని మేరువు వద్ద ఎత్తుగా నిలిపి, పైన ఉక్కు కడ్డీని జరుపుతారు. అందువల్ల ఒక స్వరం నుండి మరొక స్వరానికి గెంతవలసిన పని లేదు; జారవచ్చును. పందొమ్మిదవ శతాబ్దపు చివరి కాలంలో ఈ పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చిన ఘనత జోసెఫ్ కెకుకు అనే హవాయి యువకునికి దక్కింది. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన మహా ప్రదర్శనలో హవాయి సంగీతం విన్న అమెరికా ప్రజలు దానికి ముగ్ధులైనారు. 1930ల తొలినాళ్ళలో అంగడికి వచ్చి నిలిచిన మొదటి విద్యుత్ గిటారు కూడా ఈ ఒడి గిటారే.

తరువాత అమెరికాలో ఈ వాద్యానికి కాళ్ళు మొలిచి పెడల్ స్టీల్ గిటారు అయింది. పాదాలతో తొక్కే మీటలు, మోకాళ్ళతో నెట్టే మీటలు, వాటి నుండి తంత్రుల బిగువును మార్చే సన్నని కడ్డీలు - అది చిన్న యంత్రశాల వంటిది. 1954లో వెలువడిన ఒక పాటలో బడ్ ఐజాక్స్ అనే వాద్యకారుడు తంత్రి మ్రోగుతుండగానే మీట తొక్కి స్వరాన్ని పైకి జరిపి వినిపించాడు. ఆ జారుడు విన్నవారంతా దానినే అనుకరించసాగారు.

మన దేశానికి మాత్రం ఒడి గిటారే వచ్చి స్థిరపడింది. 1940ల దశకంలో టౌ మో అనే హవాయి కళాకారుడు కుటుంబంతో సహా కలకత్తాలో నివసించి పలువురికి ఈ విద్య నేర్పాడు. కలకత్తాలో ఈ గిటారులు తయారైనాయి. వాన్ షిప్లే, సునీల్ గంగూలీ వంటివారు దీనిపై సినిమా బాణీలు వాయించిన రికార్డులు ఇంటింటా మ్రోగాయి. బ్రిజ్‌భూషణ్ కాబ్రా గారు దీనిపై హిందుస్తానీ రాగాలను ఆలపించి, 1967లో శివకుమార్ శర్మ, హరిప్రసాద్ చౌరాసియా గార్లతో కలిసి చేసిన రికార్డుతో దీనికి సంగీత సభలలో పీట వేయించారు. ఇది మనకు అంత సులభంగా అబ్బడంలో ఆశ్చర్యం లేదు. దక్షిణాదిని గోటువాద్యం, ఉత్తరాదిని విచిత్రవీణ ఇలాగే తంత్రుల మీద కడ్డీని లేక గుండును జరిపి వాయించేవే. మనం గమకమన్నా, వారు మీండ్ అన్నా కావలసింది ఆ జారుడే. ఉస్తాదు గారి గిటారు కూడా కలకత్తా నుండి రైలులో వచ్చినదే.

ఇక మా తప్పిదం సంగతి. 2009 అక్టోబరు 2వ తేదీ. తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి కర్నూలును ముంచెత్తిన రోజు. అప్పటికి మేము ముగ్గురమూ చదువు ముగించి ఉద్యోగాల వేటలో ఉన్న యువకులం. నీళ్ళు సందులోకి రాగానే ఉస్తాదు గారి ఇంటికి పరుగెత్తాము. వారిని, వారి బీబీ గారిని, కుమార్తెను ప్రక్క మేడ మీదికి చేర్చాము. మళ్ళీ దిగి బియ్యం మూట తెచ్చాము. మళ్ళీ దిగి కాగితాల పెట్టె తెచ్చాము. మూడవసారి కుట్టు మిషను తెచ్చాము. అప్పుడు ఉస్తాదు గారు మెల్లగా, "లోపలి గదిలో గోడకు గిటారు ఉంది నాయనా" అన్నారు. "ఇదిగో తెస్తాము" అన్నాము. తేలేదు. నాలుగవసారి దిగడానికి వీలు లేకపోయిందని తరువాత అందరికీ చెప్పాము. నిజానికి నీళ్ళు అప్పటికి నడుము లోతే ఉన్నాయి. మేము భయపడ్డాము. ముగ్గురిలో ఎవరు ముందు వెనుదిరిగారో ఇక్కడ వ్రాయనక్కరలేదు, ముగ్గురమూ వెనుదిరిగాము.

వరద తీసిన తరువాత బురదలో దొరికిన గిటారును వారి కుమార్తె, మేము ఆపా అని పిలిచే ఆమె, తుడిచి దుప్పటిలో చుట్టి అటక మీద పెట్టారు. ఉస్తాదు గారు ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. ఆయన ఎత్తకపోవడమే మాకు భారమైంది. ముఖం చూపలేక వెళ్ళడం తగ్గించాము. తరువాత ఉద్యోగాలు, సంసారాలు సాకులై వెళ్ళడమే మానివేశాము. ఒకే ఊరిలో ఉండి పదేళ్ళకు పైగా ఆ గడప త్రొక్కలేదు. గత సంవత్సరం ఆపా బజారులో కనిపించి, "అబ్బాకు చూపు తగ్గింది, చెవులు మాత్రం బాగున్నాయి. ఆ గిటారును పాత సామాను వానికి వేయనా, మీరు తీసుకుంటారా?" అని అడిగారు. మేము అటక ఎక్కాము.

దుప్పటి విప్పగా కనిపించిన దృశ్యం దయనీయంగా ఉంది. తంత్రులు త్రుప్పు దారాలై ఉన్నాయి. బిరడాల పళ్ళచక్రాలు కదలలేదు. పెట్టె వెనుక పలక అంచు వెంబడి జానెడు మేర నోరు తెరిచింది. లోపల ఎండిన ఒండ్రు గలగలలాడింది. అది తుంగభద్ర మట్టి. మెత్తని కుంచెతో తీసి ఒక సీసాలో ఉంచాము, పారవేయడానికి మనసొప్పలేదు.

అప్పుడు మేము చేసిన మొదటి పని పొరపాటు పని. ఎంత త్వరగా మ్రోగిద్దామా అన్న ఆత్రంలో, తెరచుకొన్న పలకను పైపైన అంటించి, బిరడాలకు నూనె పోసి, కొత్త తంత్రులు తెచ్చి ఒక్కసారే పూర్తి శ్రుతికి బిగించాము. ఆరు ఉక్కు తంత్రుల లాగుడు కలిస్తే అరవై కిలోల పైమాటే. రాత్రి ఏదో విరిగిన చప్పుడు. తెల్లవారి చూస్తే తంత్రులను మోసే గుర్రం పై పలక నుండి లేచి నిలిచింది. లోపలి అడ్డబద్దలు ఊడి ఉన్నాయని మేము చూసుకోలేదు. వరద చేయని హాని మా తొందర చేసింది.

తల వంచుకొని ఒక వృద్ధ వడ్రంగి వద్దకు తీసుకొనిపోయాము. ఆయన పలకలను తట్టి, వాసన చూసి, "దీన్ని తోలు ఉడికించి తీసిన బంకతో అతికినారు. నీళ్ళకు ఊడింది గాని చెక్క విరగలేదు. ఇప్పటి గట్టి బంక అయ్యుంటే చెక్కే చీలేది" అన్నారు. మాకు ఆ మాట మనసుకు హత్తుకొంది. ఊడదగిన చోట ఊడేట్లు అతకడం కూడా ఒక విద్య. అలా ఊడినదానిని వేడినీటితో కడిగి, అదే జాతి బంకతో మళ్ళీ అతకవచ్చును. ఆయన చెక్కను నీడలో మూడు వారాలు ఆరబెట్టించారు. ఎండలో పెడదామంటే కసిరారు. ఆ తరువాత అడ్డబద్దలు, వెనుక పలక, చివరకు గుర్రం - ఈ వరుసలో అతికి, ఒక్కొక్కదానిని పట్టుకర్రలతో బిగించి దినాల తరబడి వదిలిపెట్టారు.

తరువాతి చిక్కు విద్యుత్ భాగానిది. తంత్రుల క్రింద ఒక అయస్కాంతం, దానిచుట్టూ రాగి తీగ చుట్ట ఉంటాయి. ఉక్కు తంత్రి కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రం చలించి తీగలో స్వల్ప విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనుగొన్న సూత్రమే ఇది. మన ఇంటర్మీడియట్ పాఠ్యగ్రంథంలో ఉన్నదే. మల్టీమీటరు పెట్టి చూస్తే చుట్ట తెగి ఉంది. అయస్కాంతం మాత్రం చెక్కుచెదరలేదు. కొత్త చుట్ట కొని బిగించడం సులభమే. కాని ఉస్తాదు గారి చెవి దానిని ఒప్పుకొంటుందా? నీటి మోటార్లకు తీగ చుట్టే ఒక పనివానిని ఆశ్రయించాము. సుమారు 0.06 మిల్లీమీటర్ల తీగ, తల వెంట్రుక వంటిది. "మోటారు తీగ తాడైతే ఇది సాలెపురుగు దారం సార్" అన్నాడు. మూడుసార్లు తెగింది. నాలుగవసారి ఆరువేల చుట్లు నిలిచాయి. లెక్క పెట్టింది మేమే.

ఇక మెరుగు. పాత వార్నీషును గీకి కొత్తగా తళతళలాడించాలని మాలో ఒకరికి కోరిక. వడ్రంగి తాత ఆపి, పెట్టె అంచున అరచేతి మందాన రంగు పోయి చెక్క బయటపడిన చోటు చూపి, "ఇది మరక కాదు సార్, మనిషి చెయ్యి ఆనిన చోటు. దీన్ని గీకితే ఇంక ఏం బాగుచేసినట్టు?" అన్నారు. ఆ గుర్తును అలాగే ఉంచాము. ఏది మార్చాలో తెలియడం కంటె ఏది ముట్టరాదో తెలియడమే కష్టమని ఆ రోజు గ్రహించాము.

సెలవులు ముగిసే వారంలో గిటారును ఉస్తాదు గారి ఇంటికి తీసుకొనిపోయాము. ఆయన మంచం మీద కూర్చొని ఉన్నారు. మా పేర్లు చెప్పనవసరం లేకపోయింది. అడుగుల చప్పుడుతోనే ముగ్గురినీ గుర్తుపట్టారు. గిటారును ఒడిలో ఉంచాము. ఆయన చేయి వెదకుకొంటూ వెళ్ళి ఆ అరిగిన అంచు మీద ఆగింది. మా గొంతులు పెగలలేదు. ఎట్టకేలకు వరదనాటి సంగతి దాచకుండా చెప్పి క్షమించమన్నాము.

"నాకు తెలుసు నాయనా. నేనూ మేడ మీది నుండి నీళ్ళను చూస్తూనే ఉన్నాను కదా, ఎంత లోతో నాకు తెలియదా?" అన్నారు. కొంతసేపటికి మళ్ళీ, "గిటారు తేలేదని నాకు కోపం లేదు. మీరు రావడం మానేశారు. ఆ కోపం ఉంది, ఇప్పటికీ ఉంది" అన్నారు.

ఆ మాటకు మా వద్ద సమాధానం లేదు. ఇప్పటికీ లేదు. ఆయనే ఉక్కు కడ్డీ అడిగి పుచ్చుకొని తంత్రులను ఒక్కొక్కటే మీటారు. మూడవ తంత్రి వద్ద ఆగి, "ఇది దిగింది. మీలో ఎవరి చెవీ పట్టలేదా?" అని బిరడా త్రిప్పి సరిచేశారు. తరువాత వాయించారు. చేయి వణుకుతున్నది. కొన్ని స్వరాలు తప్పాయి. ఆపా వంటగదిలో నుండి వచ్చి గుమ్మంలో నిలబడిపోయారు.

లేవబోతుండగా ఉస్తాదు గారు ఒక మాట చెప్పారు. "దీన్ని నా వద్ద ఉంచితే మళ్ళీ అటకే గతి. మీ కళాశాలకు తీసుకుపోండి. అద్దాల బీరువాలో పెట్టి నా పేరు వ్రాయవద్దు. పిల్లల చేతికి ఇవ్వండి. తంత్రి తెగితే తెగనీయండి, కొత్తది వేసుకుంటారు."

కళాశాల సంఘం పెద్దలకు మా విన్నపం ఇదే. ఆ గిటారు ఇప్పుడు భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక బల్ల మీద ఉంది. దానికొక గది కేటాయించండి. ఆ గదికి తాళం వేయవలసి వస్తే తాళంచెవి విద్యార్థుల వద్దనే ఉండేట్లు చూడండి. ఏడాదికి రెండు జతల తంత్రులకు అయ్యే ఖర్చు మేము ముగ్గురం భరిస్తాము. ఉర్దూ విభాగం నుండి ఒకరు, తెలుగు విభాగం నుండి ఒకరు, ఇద్దరు విద్యార్థులు ఇప్పటికే నేర్చుకోవడానికి ముందుకు వచ్చారు. ప్రతి గురువారం సాయంకాలం వారిని వెంటబెట్టుకొని గిటారుతో ఆ సందులోకి వెళ్తున్నాము. నేర్చుకోగోరే మరికొందరికి చోటున్నది. పాఠం అయిదు గంటలకు. ఆలస్యంగా రావద్దని ఉస్తాదు గారి ఆజ్ఞ.