ప్రాణమున్న రాళ్లు

పిల్లలూ! నేను పనిచేసిన పాఠశాలలో సైన్సు బీరువా ఒకటి వుండేది. అందులో సీసాల మధ్య, చెట్టుకొమ్మలాటి తెల్లని వస్తువొకటి వుండేది. "ఇదేమిటి, మేష్టారూ?" అని ఎవరైనా అడిగితే, "పగడపు రాయి. సముద్రంలో దొరుకుతుంది," అని చెప్పి పాఠంలోకి పోయేవాణ్ణి. ఆ జవాబు ఎంత పొరపాటో, ఉద్యోగం విరమించిన తరవాత అండమాన్ దీవులలో తెలిసివచ్చింది.

ఈ దీవులు బంగాళాఖాతానికి తూర్పుకొసన వున్నవి. వాటి ముఖ్య పట్టణమైన పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. అక్కడినుంచి ఓడలో స్వరాజ్ ద్వీపం చేరవచ్చు. 2018 దాకా దాని పేరు హేవ్‌లాక్. ఆ దీవిలో ఎలిఫెంట్ బీచ్ అనే చోట, ఒడ్డుకు దగ్గిరలోనే పగడపు దిబ్బలున్నవి. వాటిని చూడాలంటే నీటిమీద బోర్లా తేలుతూ పోవాలి.

మమ్మల్ని తీసుకుపోయిన కుర్రవాడు తెలుగువాడే. వాళ్ల తాత శ్రీకాకుళం వైపునుంచి చేపలవేటకు వచ్చి అక్కడే స్థిరపడ్డాడట. అతను నాకు తేలే జాకెట్టు తొడిగి, కళ్లనూ ముక్కునూ కలిపి మూసే అద్దం తగిలించాడు. నోట్లో ఒక వంపు గొట్టం పెట్టాడు. దాన్ని స్నార్కెల్ అంటారు. దాని పైకొస నీటిపైన వుంటుంది. ముఖం నీళ్లలో వుంచి, నోటితో గాలి పీల్చాలి. అరవై యేళ్లపాటు ముక్కుతో గాలి పీల్చినవాడికి ఇదేమంత సులువు కాదు!

ఈ అద్దం ఎందుకో తెలుసా? కంటి ముందు గాలి వుంటేనే మన చూపు కుదురుతుంది. అద్దం వెనక కొంచెం గాలి నిలిచి వుంటుంది. నీటినుంచి ఆ గాలిలోకి వచ్చేటప్పుడు కాంతి వంగుతుంది. అందుచేత వస్తువులు దగ్గిరగానూ, మూడోవంతు పెద్దవిగానూ కనిపిస్తవి.

తల వంచి చూద్దును గదా, కింద ఒక ఊరే వున్నది! జింక కొమ్ములలాటి పగడాలు, బల్లలలాగా పరుచుకున్నవి, మెదడులాగా ముడతలు పడ్డ గుండ్లు! చిలుకముక్కులాటి నోరున్న చేప ఒకటి పగడాన్ని కొరుకుతుంటే టకటకమని చప్పుడు వినిపించింది. నాచుకోసం కొరికిన ఆ సున్నాన్ని అది పొడిచేసి విసర్జిస్తుంది. అక్కడి తీరాలలోని తెల్లని ఇసుకలో కొంత ఈ చిలుకచేపలు చేసినదే.

ఇంతలో నా గొట్టంలోకి నీళ్లు వచ్చినవి. భయపడి కాళ్లు దించి, కింద వున్న పెద్ద గుండుమీద నిలబడబోయాను.

"కాళ్లు పెట్టకండి, మేష్టారూ! అది బతికి వుంది!" అని కేకవేసి, కుర్రవాడు నన్ను పైకి లాగాడు. అప్పటికే నా మడమ తగిలి, పక్కనున్న కొమ్మ ఒకటి విరిగింది.

పిల్లలూ, పగడం రాయి కాదు. అది చిన్నచిన్న జంతువుల సమూహం. ఒక్కొక్క జంతువుకూ ఒక నోరూ, దాని చుట్టూ వేళ్లలాటి స్పర్శకాలూ వుంటవి. సముద్రపు నీటినుంచి సున్నం తీసి అవి ఇల్లు కట్టుకుంటవి. వాటి ఒంటిలో కంటికి కనపడని నాచు కాపురముంటుంది. అది ఎండ సాయంతో ఆహారం తయారుచేసి, జంతువుకు పంచి ఇస్తుంది. అందుకే ఈ దిబ్బలు ఎండ సోకే వెచ్చని నీళ్లలో పెరుగుతవి.

గుండులాటి పగడం సంవత్సరానికి ఇంచుమించు ఒక సెంటిమీటరు పెరుగుతుంది. నేను నిలబడబోయిన గుండు నా నడుమెత్తు వున్నది. లెక్క వేసి చూడండి, అది నాకన్నా పెద్దది! పెద్దలకు కాలు తగిలితే మనం తాకి కళ్లకద్దుకుంటాం. దీన్ని చేత్తో తాకినా హానే.

కాలికన్నా పెద్ద ప్రమాదం వేడి. సముద్రం వేసవిలో మామూలుకన్నా ఒకటి రెండు డిగ్రీలు హెచ్చుగా వేడెక్కి, కొన్ని వారాలు అట్లాగే వుంటే, పగడం తనలోని నాచును బయటికి గెంటేస్తుంది. రంగు పోయి తెల్లబడుతుంది. నీరు త్వరగా చల్లబడితే కోలుకోవచ్చు. లేకపోతే ఆకలితో చస్తుంది. 2010లో అండమాన్‌లో చాలా పగడాలు ఇట్లా తెల్లబడినవి. మనం కాల్చే బొగ్గూ, పెట్రోలూ సముద్రాన్ని వేడెక్కిస్తున్నవి.

ఒడ్డుకు వచ్చాక, "ఆ విరిగిన కొమ్మను మా బడికి తీసుకుపోనా?" అని అడిగాను.

"తప్పండి, మేష్టారూ," అన్నాడు కుర్రవాడు. 2001 నుంచి పులికి వున్న రక్షణే చట్టం పగడాలకూ ఇచ్చింది. అతను మళ్లీ నీళ్లలోకి పోయి, ఆ కొమ్మను ఒక సందులో కదలకుండా నిలిపి వచ్చాడు. అట్లా నిలిచిన కొమ్మ ఒక్కొక్కప్పుడు అంటుకుని పెరుగుతుంది.

ఇంటికి వచ్చిన వారానికే నేను మా పాత బడికి పోయాను. బీరువాలో ఆ తెల్లని కొమ్మ కింద "పగడపు రాయి" అని నా చేతివ్రాతతోనే వున్నది. ఆ చీటీ తీసేసి, "పగడపు జీవులు కట్టుకున్న ఇల్లు" అని మరొకటి వ్రాసి అంటించాను.