దాచుడు, కూడబెట్టుడు, పాతరేసుడు

ఈసారి గోడపత్రికకు నేను కొన్ని మాటల గురించి రాస్తున్నాను. అన్నీ తిండిగింజలు దాచే మాటలే.

తెలుగులో ఈ పనికి ఎన్ని మాటలున్నాయో చూడండి. దాచుట, పోగుచేయుట, కూడబెట్టుట, జమచేయుట, నిల్వచేయుట. అన్నీ ఒకటే అర్థం అని గైడులో ఉంటది. నాకు అట్ల అనిపించదు. పైసలు జమ చేస్తరు. కట్టెలు పోగు చేస్తరు. షావుకారి నిల్వ చేస్తడు. మా యాడి మాత్రం దాస్తది. (మా తండాలో అమ్మను యాడి అంటం, నాయినమ్మను దాదీ అంటం.) కూడబెట్టుట అంటే నాకు అందులో కూడు కనబడుతది. టీచర్ మాత్రం అది కూడుట నుంచి వచ్చింది అన్నారు. రెండూ మంచి మాటలే.

అన్నిటికన్నా నాకు ఇష్టమైన మాట పాతర. వెనుక జొన్నలు ఎక్కువ పండినప్పుడు గట్టినేలలో గుంత తవ్వి, లోపల గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన మట్టితో మూసేవాళ్లు. అదే పాతర. గింజలు కూడా ఊపిరి పీలుస్తయి. లోపల ఆక్సిజన్ తగ్గి కార్బన్ డయాక్సైడ్ నిండుతది. అందుకే పురుగు బతకదు. మనిషి కూడా బతకడు! పాతర తీసినంక వెంటనే దిగవద్దు, ముందు దీపం దింపి చూడాలె, దీపం ఆరితే దిగవద్దు అని దాదీ చెప్తది. ఆమె సైన్సు చదవలేదు. ఇప్పుడు పేపర్లో "నిబంధనలకు పాతర" అని రాస్తున్నరు. బతికించే మాటను చంపే మాట చేసిండ్రు. నాకు కోపం వస్తది.

మా లంబాడీలు వెనుక ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసుకుంట దేశమంతా తిరిగేవాళ్లు. 17వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు వ్యాపారి టావెర్నియే పది పన్నెండు వేల ఎద్దుల మందల గురించి రాసిండు. రైళ్లు వచ్చినంక ఆ పని పోయింది. రాజుల సైన్యాలకు కూడా గింజలు మోసినోళ్ల ఇండ్లల్ల ఇప్పుడు గుమ్మి సగమే నిండుతది.

గుమ్మి అంటే వెదురుతో అల్లి, పేడ, మట్టి పూసిన పెద్ద బుట్ట. యాడి జొన్నలు బాగా ఎండబెట్టి, వేపాకు కలిపి పోస్తది. కందులకు ఎర్రమట్టి, పెసర్లకు బూడిద. విత్తనం వేరే. దాన్ని ఎంత ఆకలైనా ముట్టరు. మనకు దగ్గర్లోనే జహీరాబాద్ కాడ డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు పాత విత్తనాలు ఇట్లనే దాస్తరు. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు మా ఇంటి లెక్క చెప్తాను. నారాయణఖేడ్ తండాల నుంచి చాలామంది చెరుకు కొట్టే పనికి పోతరని మీకు తెలుసు. మా యాడి, బాపు కూడా దీపావళి కాంగనే పోయి ఉగాదికి వస్తరు. ఇంటికాడ దాదీ, తమ్ముడు, చిన్న చెల్లె ఉండాలె. గింజలు సరిపోతే తమ్ముడు బడిలో ఉంటడు. సరిపోకపోతే వాళ్ల వెంట చెరుకు తోటకు పోతడు. వాడు ఐదో తరగతి.

రేషన్ ఉంది కదా అంటరు. 2025 ఉగాది నుంచి మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నరు, నిజమే. కానీ అందులో సగం యాడివాళ్లు గుడిసెల కాడ వండుకోను తీసుకపోతరు. పైగా దాదీకి రొట్టె లేకుంటే తిన్నట్టే ఉండదు.

గుమ్మిలో 160 కిలోల జొన్నలున్నయి. రోజుకు కిలో, 150 రోజులు. విత్తనానికి 8 కిలోలు తీస్తే 2 మిగులుతయి. పోయిన ఆదివారం ఫోన్‌లో ఈ లెక్క చెప్తే యాడి నవ్వి, "మరి ఎలుకకు ఎంత రాసినవ్ బిడ్డా?" అన్నది. దానికి కూడా 5 కిలోలు నోట్‌బుక్‌లో రాసుకున్న. అంటే 3 కిలోలు తక్కువ. మూడు కిలోల కోసం బడి మాన్పిస్తవా యాడీ అని అడిగిన. ఆమె కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత, "సంక్రాంతి దాకా ఉండనీ, గుమ్మి చూసి చెప్త" అన్నది.

దాదీ అయితే పొద్దటిపూట తన రొట్టె చిన్నగ చేసుకుంట అంటున్నదట. అది నా లెక్కలో రాయలేదు, రాయను కూడా.