పాఠకులు ఎటు పోయారు?

తెలుగు కథలకి పాఠకులు తగ్గిపోయారని అందరూ అంటున్నారు. నేను రాసేవి కూడా మునుపటంత మంది చదవడం లేదు. ఫోన్లు, రీల్స్ అని ఒక్క మాటతో తేల్చేయడం నాకు నచ్చదు. అసలు చదివే అలవాటు పుట్టే చోట్లే పోయాయి కదా! 1947లో మొదలైన చందమామ పత్రిక ఆగిపోయింది. కరోనా దెబ్బకి విపుల, చతుర, నవ్య పత్రికలు కూడా. బస్సు ఆలస్యమైతే బుక్‌స్టాల్లో వారపత్రిక కొనేవాళ్లం, సీరియల్ కోసం మళ్లీ వారందాకా ఎదురుచూసేవాళ్లం. ఇప్పుడా కొట్లో చిప్స్ ప్యాకెట్లు వేలాడుతున్నాయి.

చదివే అలవాటు పుట్టాల్సిన ఇంకో చోటు లైబ్రరీ. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల లెక్కన గ్రంథాలయ సెస్సు మాత్రం కడుతూనే ఉన్నాం. మరి కొత్త పుస్తకాలేవి? ఈ ఆదివారం పిల్లల్ని మీ ఊరి లైబ్రరీకి తీసుకెళ్లండి. పుస్తకాలు లేకపోతే గట్టిగా అడగండి.