ఊడిరావాల్సిన జిగురు

మా ఇంట్లో వజ్రం అంటే రెండర్థాలు. నాన్న తెలుగులో అది ఉంగరంలోని రాయి. అమ్మ తమిళంలో వడ్రంగులు కాచే జిగురు కూడా వజ్రమే. మాకున్నది రెండోది.

మా నాన్న పియానోలు, హార్మోనియంలు బాగుచేస్తారు. వజ్రం పశువుల తోలు, ఎముకల నుంచి తీస్తారు. గోధుమరంగు పలుకుల్లా ఉంటుంది. చన్నీళ్లలో నానబెట్టి, నీళ్లగిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కాచాలి. వేడి 60 డిగ్రీల దగ్గర ఆపాలి, మరిగిందా పట్టు పోతుంది. వాసన సంగతి చెప్పనక్కర్లేదు. మా అవ్వ ఆ గిన్నెను వంటింట్లోకి రానివ్వదు, దాని కాపురం మిద్దె మీదే.

ఇంత అవస్థ ఎందుకు, అంగట్లో తెల్లజిగురు డబ్బా దొరుకుతుంది కదా అంటారు అందరూ. నేనూ అడిగాను. "వజ్రం అతుకు వేడీ తడీ తగిలితే వదులుతుందమ్మా. అది మొండికేస్తే కొయ్యే చీలుతుంది" అన్నారు నాన్న.

పియానోలో 88 మెట్లు. ఒక్కో మెట్టు వెనక సన్నటి కొయ్యపుల్ల, దాని చివర ఉన్ని ఫెల్ట్ చుట్టిన సుత్తి. తీగల్ని కొట్టీ కొట్టీ ఫెల్ట్ అరిగిపోతుంది, ఎప్పటికైనా సుత్తి మార్చాల్సిందే. వజ్రంతో అతికించి ఉంటే కాస్త వేడి చూపితే సుత్తి ఊడి వస్తుంది, పుల్ల దక్కుతుంది. పాత వజ్రం మీద కొత్త వేడి వజ్రం కలిసిపోతుంది కూడా. ఎండిన తెల్లజిగురు మీద కొత్తది సరిగా పట్టదు, అంతా గీకాలి.

పోయిన ఏడు ఒక బడి పియానో వచ్చింది. ఎవరో ముందు చేసినవాళ్లు సుత్తులన్నీ ఎపాక్సీతో బిగించారు. ఒక పూట పని వారం పట్టింది, పుల్లలు విరిగాయి. జిగురుకింత బిల్లా అని బడివాళ్లు సగమే ఇచ్చారు. ఆ నెల నా సెమిస్టర్ ఫీజు ఆలస్యమైంది. అందుకే నాకు ఇది జిగురు గొడవ మాత్రమే కాదు.

అలాగని అన్నిటికీ వజ్రమే అంటే నేను ఒప్పుకోను. మద్రాసు ఐప్పశి వానల్లో అది చెమ్మ పీలుస్తుంది, బూజు కూడా పడుతుంది. విరిగిన పుల్లను కలపడానికి నాన్నే తెల్లజిగురు వాడతారు. ఆ విరుపును మళ్లీ ఎవరూ విప్పరు కదా. అరిగే ఫెల్టుకీ, తోలుకీ, గుడ్డకీ మాత్రం ఊడొచ్చేదే. బృహత్సంహితలో వరాహమిహిరుడు గుళ్లకు, విగ్రహాలకు వజ్రలేపం చెప్పాడు, ఎన్నటికీ ఊడకూడదని. ఆయనకు సుత్తులు మార్చే పని లేదు.

పని అయ్యాక మొదటి మెట్టు పక్కన, బయటికి కనబడని చోట, ఏ జిగురు వాడామో పెన్సిల్‌తో రాస్తాం. రేపు విప్పేవాళ్లకు తెలుగు రాదేమోనని నేను తమిళంలోనే రాసేదాన్ని. మొన్న నాన్న చూసి, "కింద చోటుంది కదా, మనది కూడా రాయమ్మా" అన్నారు. రాశాను.